గుడ్ ఫ్రైడే తేదీ ఏటా ఎందుకు మారుతుంది? ఈస్టర్ వెనక ఉన్న పున్నమి లెక్క



మన ఛానల్‌లో ఉగాది, శ్రీరామనవమి, హనుమాన్ జయంతి తిథుల గురించి మాట్లాడినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తూనే ఉంటుంది. "క్రిస్మస్ ఎప్పుడూ డిసెంబర్ 25నే కదా, మరి గుడ్ ఫ్రైడే ఒకసారి మార్చిలో, ఒకసారి ఏప్రిల్‌లో ఎందుకొస్తుంది?" అని. దాంతోపాటే ఇంకొకటి కూడా. "ఈస్టర్ అంటే అసలు బాబిలోన్ దేవత ఇష్తార్ పండుగట, నిజమేనా?"

వీడియోలో పది నిమిషాల్లో చెప్పలేకపోయిన వివరాలన్నీ ఇక్కడ రాస్తున్నాను. హిందూ ఛానల్‌లో క్రైస్తవుల పండుగ గురించి ఎందుకు అనుకోకండి. చివరిదాకా చదివితే అదే అర్థమవుతుంది.

ముందు కథ: ఆ వారంలో ఏం జరిగింది

ఈస్టర్ ఒక్క రోజు పండుగ కాదు. ఒక వారం కథ అది. ఏసు జెరూసలేం నగరంలోకి వచ్చినప్పుడు జనం ఖర్జూరపు మట్టలు పట్టుకుని స్వాగతం చెప్పారు. అందుకే తెలుగు క్రైస్తవులు ఆ రోజుని మట్టల ఆదివారం అంటారు. గురువారం రాత్రి శిష్యులతో చివరి భోజనం. శుక్రవారం రోమన్ గవర్నర్ పిలాతు తీర్పుతో సిలువ మీద మరణశిక్ష. ఆదివారం తెల్లవారుజామున మగ్దలేనే మరియ, ఇంకొందరు స్త్రీలు సమాధి దగ్గరికి వెళ్తే అది ఖాళీగా ఉందని సువార్తలు చెప్తాయి. ఏసు మరణాన్ని జయించి లేచాడని క్రైస్తవుల విశ్వాసం. దాన్నే పునరుత్థానం అంటారు.

పిలాతు క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయకు గవర్నర్. కాబట్టి ఈ సంఘటన ఆ పదేళ్లలోనే జరగాలి. 30 లేదా 33వ సంవత్సరం అని ఎక్కువమంది చరిత్రకారుల అంచనా.

ఇక్కడ చాలామందికి వచ్చే డౌట్: శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం ఉదయం వరకు లెక్కేస్తే రెండు రోజులు కూడా నిండవు కదా, "మూడో రోజు" అని ఎలా అంటారు? మన లెక్కతోనే చూడండి. మన ఇళ్లలో పదకొండో రోజు కార్యక్రమం అంటే, పోయిన రోజునే ఒకటిగా మొదలుపెట్టి లెక్కపెడతాం. వాళ్లూ అంతే. శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు. ఇంకో తేడా, మనకి రోజు సూర్యోదయంతో మొదలైతే యూదులకి సూర్యాస్తమయంతో మొదలవుతుంది.

దీని వెనక ఇంకో పండుగ ఉంది

ఏసు, ఆయన శిష్యులు అందరూ యూదులు. ఆ వారం జెరూసలేం అంతా జనంతో కిటకిటలాడుతోంది. కారణం పస్కా పండుగ. ఈజిప్టులో బానిసలుగా ఉన్న తమ పూర్వీకుల్ని మోషే నాయకత్వంలో దేవుడు విడిపించాడని యూదులు చేసుకునే పండుగ అది. ఆ రాత్రి గొర్రెపిల్లను బలిచ్చి, దాని రక్తం గుమ్మాలకి పూసిన ఇళ్లను మృత్యువు దాటిపోయిందని వాళ్ల గ్రంథం చెప్తుంది. తొందరగా బయల్దేరాలి కాబట్టి పిండి పులియబెట్టే టైం కూడా లేదు. అందుకే ఇప్పటికీ ఆ రోజుల్లో పులియని రొట్టెలే తింటారు.

క్రైస్తవులు ఏసుని "గొర్రెపిల్ల" అని ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది కదా. పస్కా గొర్రెపిల్ల ఒక జాతిని కాపాడితే, ఏసు ప్రాణత్యాగం మనుషులందరినీ పాపం నుంచి విడిపించింది అని వాళ్లు నమ్ముతారు. పాత పండుగ మీద కొత్త అర్థం కట్టుకున్నారు. పస్కా తెలియకపోతే ఈస్టర్ సగమే అర్థమవుతుంది.

మన సబ్జెక్టుకి కావాల్సిన పాయింట్ ఇది: యూదుల నీసాను నెల మన అమాంత మాసంలాగే అమావాస్య తర్వాతి నెలవంకతో మొదలవుతుంది. నెల మధ్యలో పున్నమి. ఆ పున్నమికే పస్కా. అంటే ఏసు సిలువ కథ జరిగింది వసంతకాలపు పున్నమి రోజుల్లో.

ఇప్పుడు తేదీ లెక్క

మొదటి శతాబ్దాల్లో క్రైస్తవుల్లోనే పెద్ద గొడవ. ఇప్పటి టర్కీ వైపు ఉన్నవాళ్లు, ఏ వారమైనా సరే, నీసాను 14నే చేసేవాళ్లు. రోమ్ వాళ్లు మాత్రం ఆదివారమే ఉండాలి అనేవాళ్లు. అంటే ఒకరు తిథి ముఖ్యం అన్నారు, ఇంకొకరు వారం ముఖ్యం అన్నారు. క్రీ.శ. 325లో నైసియా సభలో అందరూ ఒకే ఆదివారం చెయ్యాలని, యూదుల క్యాలెండర్ మీద ఆధారపడకుండా తామే లెక్క కట్టుకోవాలని తేల్చారు. ఆ తర్వాత స్థిరపడిన రూల్ ఇదీ:

మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి చూడాలి. ఆ పున్నమి తర్వాత వచ్చే ఆదివారం ఈస్టర్. దానికి రెండు రోజుల ముందు గుడ్ ఫ్రైడే.

మార్చి 21 ఎందుకంటే, పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తుకి గుర్తుగా ఆ తేదీని పెట్టుకున్నారు. కాబట్టి ఈస్టర్ మార్చి 22 కంటే ముందు రాదు, ఏప్రిల్ 25 దాటి పోదు.

మన పంచాంగం పక్కన పెట్టి చూద్దాం.

2023: చైత్ర పున్నమి, అంటే హనుమాన్ జయంతి, ఏప్రిల్ 6 గురువారం. మర్నాడే గుడ్ ఫ్రైడే. ఈస్టర్ ఏప్రిల్ 9.

2024: హోలీ పున్నమి మార్చి 25. ఈస్టర్ మార్చి 31.

2025: హనుమాన్ జయంతి ఏప్రిల్ 12 శనివారం. చర్చి లెక్కలో పున్నమి ఏప్రిల్ 13 ఆదివారం పడింది. రూల్ ప్రకారం పున్నమి "తర్వాత" వచ్చే ఆదివారం కావాలి కాబట్టి ఈస్టర్ ఏప్రిల్ 20కి వెళ్లింది.

2026: హనుమాన్ జయంతి ఏప్రిల్ 2 గురువారం. మర్నాడు గుడ్ ఫ్రైడే. ఈస్టర్ ఏప్రిల్ 5.

2027: హోలీ పున్నమి మార్చి 22. ఈస్టర్ మార్చి 28.

ప్యాటర్న్ కనిపించిందా? మన ఫాల్గుణ పున్నమి గానీ, చైత్ర పున్నమి గానీ, రెండిట్లో ఏదో ఒకదాని తర్వాతే ఈస్టర్. ఏది అన్నది అధికమాసం మీద ఆధారపడుతుంది. 2023లో మనకి అధిక శ్రావణం వచ్చింది, దాంతో మన పండుగలన్నీ వెనక్కి జరిగాయి. అందుకే 2024లో ఉగాది ఏప్రిల్ 9కి పోయింది, ఈస్టర్ మాత్రం ఫాల్గుణ పున్నమికే తగిలింది.

19 సౌర సంవత్సరాలు దాదాపు 235 చాంద్రమాసాలకు సమానం. 19ని 12తో గుణిస్తే 228. మిగిలిన 7 నెలలే అధికమాసాలు. యూదులు 19 ఏళ్లలో 7సార్లు నెల కలుపుతారు. మనకీ సగటున అంతే వస్తాయి. చర్చి పున్నమి పట్టిక కూడా ఈ 19 ఏళ్ల చక్రం మీదే నడుస్తుంది. ఎవరో ఎవరి దగ్గరో కాపీ కొట్టారని అనుకోనక్కర్లేదు. చంద్రుడు అందరికీ ఒక్కడే కాబట్టి లెక్క కూడా అక్కడికే వస్తుంది.

ఒక చిన్న మెలిక. చర్చి ఆకాశంలోని పున్నమిని చూడదు, పట్టికలోని పున్నమినే చూస్తుంది. అందుకే అప్పుడప్పుడు ఒకరోజు తేడా వస్తుంది. మన దగ్గర పూర్వ పద్ధతి పంచాంగం, దృక్ పద్ధతి పంచాంగం అని రెండు ఉండి, పండుగ ఏ రోజు అని ఏటా వాదన జరగదూ? అలాంటిదే. రష్యా, గ్రీస్ లాంటి దేశాల ఆర్థడాక్స్ చర్చిలు ఇంకా పాత జూలియన్ లెక్కే వాడతాయి. 2024లో వాళ్ల ఈస్టర్ మే 5న వచ్చింది. 2025లో మాత్రం రెండూ ఏప్రిల్ 20నే కలిశాయి.

మన ఫోన్‌లోని క్యాలెండర్ ఈ పండుగ వల్లే ఇలా ఉంది

ఇంజనీరింగ్ చదివినవాళ్లందరూ సి ల్యాబ్‌లో లీప్ ఇయర్ ప్రోగ్రామ్ రాసే ఉంటారు. 4తో భాగిస్తే లీప్, 100తో భాగిస్తే కాదు, కానీ 400తో భాగిస్తే మళ్లీ అవును. ఆ 400 కండిషన్ ఎక్కణ్నుంచి వచ్చిందో ల్యాబ్‌లో ఎవరూ చెప్పరు.

జూలియన్ క్యాలెండర్‌లో ఏడాది 365.25 రోజులు. అసలు ఏడాదికంటే అది దాదాపు 11 నిమిషాలు ఎక్కువ. 128 ఏళ్లకి ఒక రోజు తప్పుతుంది. 16వ శతాబ్దానికి విషువత్తు మార్చి 21 నుంచి మార్చి 11కి జారిపోయింది. దాంతో ఈస్టర్ లెక్క మొత్తం గాడి తప్పింది. పోప్ 13వ గ్రెగరీ 1582లో దాన్ని సరిచేశారు. అక్టోబర్ 4 గురువారం తర్వాతి రోజుని అక్టోబర్ 15 శుక్రవారం అన్నారు. పది రోజులు మాయం. మళ్లీ జారకుండా 100, 400 రూల్స్ పెట్టారు. అందుకే 1900 లీప్ ఇయర్ కాదు, 2000 మాత్రం అవును.

బ్రిటన్ దీన్ని 1752లో ఒప్పుకుంది. లినక్స్ టెర్మినల్‌లో "కాల్ 9 1752" అని ఇంగ్లీషులో కొట్టి చూడండి. సెప్టెంబర్ 2 తర్వాత నేరుగా 14 వస్తుంది. గణిత మేధావి గాస్ 1800లో ఈస్టర్ తేదీకి ఒక సూత్రం రాశాడు. పైథాన్ డేట్‌యుటిల్ లైబ్రరీలో ఈస్టర్ అనే ఫంక్షనే ఉంది. మన ఆఫీస్ క్యాలెండర్లో గుడ్ ఫ్రైడే సెలవు వెనక ఇంత కథ నడిచింది.

మరి ఇష్తార్ సంగతి?

ఇప్పుడు ఆ ఫార్వర్డ్ దగ్గరికి వద్దాం. "ఈస్టర్, ఇష్తార్, పేర్లు ఒకేలా ఉన్నాయి కాబట్టి బాబిలోన్ పండుగనే కొట్టేశారు" అన్నది వాదన.

మొదటి విషయం, ఈస్టర్ అనే పేరు ఇంగ్లీషులో ఉంది, జర్మన్‌లో ఓస్టర్న్ అంటారు. మిగతా చాలా భాషల్లో పేరు పస్కా నుంచే వచ్చింది. ఫ్రెంచిలో పాక్, స్పానిష్‌లో పాస్కువా, ఇటాలియన్‌లో పాస్క్వా, రష్యన్‌లో పాస్ఖా. ఇంగ్లీషు భాష పుట్టకముందే గ్రీకు, లాటిన్ మాట్లాడే క్రైస్తవులు ఈ పండుగ చేసుకుంటున్నారు. కాబట్టి ఇంగ్లీషు పేరుని బట్టి పండుగ పుట్టుక చెప్పలేం.

రెండోది, ఆ ఇంగ్లీషు పేరు గురించి ఒక పాత ఆధారం ఉంది. 8వ శతాబ్దంలో బీడ్ అనే ఇంగ్లండ్ సన్యాసి, ఆ నెలకి ఈయొస్ట్రే అనే దేవత పేరు ఉండేదని రాశాడు. ఆ దేవత గురించి మనకి దొరికే పాత ప్రస్తావన అదే. నెల పేరు పండుగకి అంటుకుంది అంతే. మంగళవారం చేసిన పూజ అంతా అంగారక పూజ కాదు కదా!

మూడోది అసలు ట్విస్ట్. బాబిలోన్ లింకుని ప్రచారంలోకి తెచ్చింది హిందువులో, నాస్తికులో కాదు. అలెగ్జాండర్ హిస్లప్ అనే స్కాట్లండ్ ప్రొటెస్టంట్ పాస్టర్. 1853లో చిన్న పుస్తకంగా, 1858లో పెంచి రాసిన "ద టూ బాబిలాన్స్"లో, కాథలిక్కుల ఆచారాలన్నీ బాబిలోన్ విగ్రహారాధనే అని తిట్టడానికి ఈ పోలిక తెచ్చాడు. అంటే విగ్రహారాధనని తిట్టడానికి పుట్టిన వాదనని, విగ్రహారాధన చేసే మనం గర్వంగా ఫార్వర్డ్ చేస్తున్నాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మెట్రోలో వెళ్లేలోపు వంద మందికి పంపేస్తాం. అది ఎవరి మీద రాసిందో ఒక్క నిమిషం ఆగి చూడం.

గుడ్లు, కుందేలు మాత్రం పండుగ మూలంలో లేవు. ఉపవాసకాలంలో యూరప్‌లో గుడ్లు తినేవాళ్లు కాదు, పండుగకి అవి బయటికొచ్చేవి. తూర్పు చర్చిల్లో క్రీస్తు రక్తానికి గుర్తుగా ఎర్రరంగు వేస్తారు. కుందేలు జర్మనీ వైపు నుంచి తర్వాత వచ్చి చేరింది. బేకరీలో కనిపించే చాక్లెట్ గుడ్డుని చూసి పండుగని అంచనా వెయ్యడం, టపాకాయల షాపు చూసి దీపావళిని అంచనా వేసినట్టే.

పునరుత్థానం, పునర్జన్మ ఒకటేనా?

కాదు. ఇక్కడ మొహమాటానికి "అన్నీ ఒకటేలే" అనడం కూడా సరికాదు.

పునర్జన్మ మనకి తెలుసు. భగవద్గీత రెండో అధ్యాయం చెప్పినట్టు, బట్టలు మార్చినట్టు ఆత్మ శరీరాన్ని మారుస్తుంది. క్రైస్తవంలో మనిషికి ఒకటే జన్మ. చివర్లో దేవుడు మృతులను శరీరంతో సహా లేపుతాడని నమ్మకం. ఏసు లేవడం దానికి తొలి ఉదాహరణ, హామీ.

మరి సత్యవంతుడు కూడా లేచాడు కదా అంటారేమో. సావిత్రి తన పాతివ్రత్యంతో, తెలివితో యముడి దగ్గర భర్త ప్రాణం తిరిగి తెచ్చుకుంది. కానీ సత్యవంతుడు తన ఆయుష్షు తీరాక మళ్లీ పోవాల్సిందే. బైబిల్లో దానికి దగ్గరగా ఉన్నది లాజరు కథ. ఏసు లేపిన లాజరు కూడా మళ్లీ మామూలు మనిషిగానే బతికాడు. ఏసు విషయంలో క్రైస్తవులు చెప్పేది అది కాదు. తిరిగి పాత జీవితంలోకి రావడం కాదు, మరణం ఇక ముట్టుకోలేని స్థితిలోకి వెళ్లడం అంటారు. మన సిద్ధాంతంలో మృత్యువుని దాటే దారి జ్ఞానం, భక్తి, మోక్షం. వాళ్లకి అది చరిత్రలో ఒక ఆదివారం జరిగిన సంఘటన. ప్రశ్న ఒకటే, "మృత్యువుకి అవతల ఏముంది?" అని. జవాబులు వేరు. ఆ తేడా తెలిసుండటమే నిజమైన గౌరవం.

మన చుట్టూ ఎలా చేసుకుంటారు

ఈస్టర్‌కి 46 రోజుల ముందు బుధవారం నుదుటిమీద బూడిదతో సిలువ గుర్తు పెట్టుకుంటారు. తెలుగు కాథలిక్కులు దాన్ని విభూది బుధవారం అంటారు. కిందటేడు మట్టల ఆదివారం మట్టలను కాల్చి ఆ బూడిద చేస్తారు. మట్టి నుంచి వచ్చావు, మట్టిలో కలుస్తావు అని గుర్తుచేసుకోవడం దాని అర్థం. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15న, విభూది బుధవారం 18న. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు తీసేస్తే సరిగ్గా 40 రోజుల ఉపవాసకాలం. మన హనుమాన్ దీక్ష, అయ్యప్ప దీక్ష 41 రోజులు చేసినవాళ్లకి ఆ నియమం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటలను ఒక్కొక్కటిగా ధ్యానం చేస్తారు. కాథలిక్కులు 14 ఘట్టాల సిలువ మార్గం నడుస్తారు. ఈస్టర్ రోజు తెల్లవారకముందే చాలామంది తమవాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లి పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. సూర్యోదయానికి ప్రార్థన. ఒకరు క్రీస్తు లేచాడంటే, ఎదుటివాళ్లు నిజంగా లేచాడని బదులిస్తారు.

మన ఏరియా సంగతి చూడండి. చైత్ర పున్నమికి కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడి దగ్గర అడుగుపెట్టే చోటు ఉండదు. 2023లో, 2026లో లాగా మర్నాడే గుడ్ ఫ్రైడే వస్తే, అదే కాలనీల్లో ప్రార్థనా మందిరాలకి తెల్లబట్టల్లో వెళ్లేవాళ్లు కనిపిస్తారు. ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ బస్సుల కోసం నిలబడ్డ మనకి అది మూడు రోజుల సెలవు. వాళ్లకి ఏడాదిలో అన్నిటికంటే బరువైన రోజు.

ఇదంతా మనకెందుకు? పూర్వపక్షం కోసం

మన శాస్త్రాల్లో ఒక పద్ధతి ఉంది. ఎదుటివాళ్ల వాదాన్ని ముందు పూర్తిగా, వాళ్లు ఒప్పుకునేలా చెప్పాలి. అది పూర్వపక్షం. ఆ తర్వాతే మన సిద్ధాంతం. 14వ శతాబ్దంలో విజయనగర కాలపు మాధవాచార్యులు "సర్వదర్శన సంగ్రహం"లో 16 దర్శనాలు వివరించారు. మొదలుపెట్టింది దేవుడే లేడన్న చార్వాకులతో. వాళ్ల వాదాన్ని కూడా వాళ్ల కోణం నుంచే వివరించారు.

ఇష్తార్ ఫార్వర్డ్ పూర్వపక్షం కాదు. అది బద్ధకం. మన దీపావళి గురించో, శివలింగం గురించో ఎవరైనా ఏమీ చదవకుండా ఒక ఫొటో మీద రెండు లైన్లు రాసి పంపితే మనకెంత మండుతుంది? అదే కొలత మనకీ వర్తించాలి. ఏసు దేవుడని నమ్మకపోవచ్చు, పునరుత్థానాన్ని ఒప్పుకోకపోవచ్చు. కానీ ఒప్పుకోనిది ఏమిటో సరిగ్గా తెలిసి ఒప్పుకోకపోవడం వేరు, తప్పుడు కథ నమ్మి ఎగతాళి చెయ్యడం వేరు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ రూముల్లో వేరువేరు ఊళ్లు, వేరువేరు ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు పక్కపక్క మంచాల మీద ఉంటారు. ఒక్క ఫార్వర్డ్ చాలు, ఆ ఇద్దరి మధ్య మాటలు ఆగిపోవడానికి.

ఇక చేయగలిగినవి మూడు:

1. గుడ్ ఫ్రైడే నాడు "హ్యాపీ గుడ్ ఫ్రైడే" అని మెసేజ్ పెట్టకండి. అక్కడ "గుడ్" అంటే పాత ఇంగ్లీషులో పవిత్రమైన అని. అది సంతాప దినం. శుభాకాంక్షలు ఆదివారం చెప్పండి.

2. పండుగ గురించి తెలుసుకోవాలంటే ముందు ఆ పండుగ చేసుకునేవాళ్లనే అడగండి. మన రూమ్మేట్‌నో, పక్కింటి ఆంటీనో. ఒప్పుకోవడం, మానడం తర్వాతి మాట.

3. ఈసారి పంచాంగం తిప్పినప్పుడు, మార్చి 21 తర్వాతి పున్నమి దగ్గర వేలు పెట్టండి. దాని తర్వాతి ఆదివారం ఏదో చూసి, వచ్చే ఏడాది ఈస్టర్ తేదీ మీరే చెప్పండి. ఒకరోజు తేడా వస్తే ఎందుకొచ్చిందో కూడా మీకు ఇప్పుడు తెలుసు.

వచ్చే పోస్టులో పూర్వ పద్ధతి, దృక్ పద్ధతి పంచాంగాల తేడా లెక్కలతో సహా చూద్దాం. అప్పటిదాకా సెలవు.

శుభం. జై శ్రీరామ్.